సాయం గడిలో గీత

మందులకని నేనిచ్చిన డబ్బుతో నా భార్య రవణమ్మ మా అమ్మాయికి రెండేళ్ళు ఫీజు కట్టింది. మందులు మింగుతున్నానని నాతో చెప్పింది. అందుకే చచ్చిపోయింది. ఆమె చేసింది మోసం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

పొద్దున పదింటికి మేం బ్యాంకుకు వెళ్ళేసరికి ఆమె మా అమ్మాయి వినీల దరఖాస్తులో కూర్చుని ఉంది.

దరఖాస్తు హాలంతా పరిచి ఉంది. ఒక్కో గడి ఒక్కో గదంత. చెప్పులు బయట విడిచి కాగితం మీదకు ఎక్కాలి. వినీల ముందు నడుస్తోంది, నేను వెనక. నర్సింగు చివరి ఏడాదికి అప్పు కావాలి. నాలుగింటిలోపు దరఖాస్తు ఇవ్వకపోతే కాలేజీ ఆమె పేరు కొట్టేస్తుంది.

నా పేరు దాటుతాం. నా రెండెకరాలు దాటుతాం. మార్కుల గడిలో నేల చల్లగా ఉంది. ఆ తర్వాతది కుటుంబం నుంచి అందిన సాయం. దాని మధ్యలో రవణమ్మ కర్రకు పొగాకు అల్లుతోంది. బతికున్నన్నాళ్ళూ ఆమె చేసిన కూలి పని అదే. పచ్చాకును పురికొసతో కర్రకు బిగించడం, నిండిన కర్రను బ్యారన్‌ కొట్టంలో పొయ్యి వేడికి ఎండేయడానికి పక్కన పెట్టడం. ఇరవై మూడు కర్రలు నిండాయి. ఇరవై నాలుగోది ఒళ్ళో ఉంది. కర్రకు ముప్పై ఆకులు, ఆమె మందు మింగని ఒక్కో రోజుకు ఒకటి.

పురికొస అయిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల ఎత్తదు.

గడి అంచున గుమాస్తా కుర్చీ వేసుకున్నాడు. "ఈవిడ మీకందిన సాయమేనా పెద్దాయనా?"

"నా భార్య."

"అది పై గడిలో రాశారుగా. ఇక్కడ ఎవరిచ్చారో, ఏమిచ్చారో రాయాలి. తండ్రి చేత్తోనే. దాస్తే అప్పు రాదు."

"అది సాయం కాదు. దొంగతనం."

ఆయన కాగితాలు తిరగేస్తాడు. "దొంగతనానికి గడి లేదండీ. అయినా సాయం కానిదైతే ఈ గడిలో ఇంతసేపు కూర్చునేవారు కాదు."

"రాయి నాన్నా" అంటుంది వినీల. "అమ్మ ఇచ్చిందని ఒక్క ముక్క రాయి."

"ఎందులోంచి తీసి ఇస్తందో నీకప్పుడు తెలుసా?"

ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూస్తుంది. "మొదటేడు తెలీదు."

"రెండో ఏడు?"

"తెలుసు. నీతో చెబితే తను చచ్చినంత ఒట్టని చేతిలో చెయ్యేయించుకుంది."

"చెప్పకపోయినా చచ్చింది గదా."

వినీల నిలబడినచోట కాగితం తడిసి మెత్తబడుతోంది.

పెన్ను తీస్తాను. మా ఊరి బడిలో అంకయ్య మాస్టారు నాకు నేర్పిందాంట్లో మిగిలింది ఇదొక్కటే. ఫారంలో గడి ఖాళీగా వదిలితే ఎవడో వచ్చి నీ పేరున ఏదో రాస్తాడు, అడ్డంగా గీత కొట్టెయ్. కొడతాను. రవణమ్మ నెత్తి మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరకు.

గీత ఆ చివర ఆగదు. పెన్ను వదిలేసినా పోతూనే ఉంది. గోడ దాటి రోడ్డెక్కుతుంది. బస్సు ఆగి దానికి దారి ఇస్తుంది. మా ఇంట్లో దూరి మంచం మధ్యగా, రెండు దిండ్ల మధ్యగా, మందుల డబ్బా మధ్యగా పోతుంది. డబ్బా పగిలి పుట్నాలపప్పు నేల మీద దొర్లిన చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తుంది. రోజూ నా ఎదుట నీళ్ళతో మింగి చూపించినవి అవి.

గీత తిరిగి బ్యాంకులోకి వచ్చి రవణమ్మ ముందు ఆగుతుంది. ఆమె కొస పట్టుకుని వేలికి చుట్టి లాగి చూస్తుంది.

"ఇంత గట్టిగా ఎందుకు గీశావయ్యా" అంటుంది. "మాటా అంతే, చెయ్యీ అంతే నీది."

గీతను కాగితం మీంచి ఊడదీసి దాంతో ఆకు అల్లడం మొదలుపెడుతుంది. గడి మళ్ళీ తెల్లగా ఉంది. చివరి కర్రకు ఒక ఆకు తక్కువ. ఒక్క రోజు మాత్రం, షాపు నుంచి అప్పుడే తెచ్చిన మాత్ర నా చేత్తోనే ఆమె నోట్లో వేశాను. ఆ రోజుకు ఆకు లేదు. ఆమె అటూ ఇటూ చూసి నన్ను తీసుకుంటుంది. కాడ దగ్గర ముడి వేస్తుంది. నొప్పి లేదు.

కర్రలన్నీ బ్యాంకు కప్పు కింద వాసాల మీదకు ఎక్కుతాయి. కింద పొయ్యి రాజేస్తారు. మూడింటికల్లా నేను పసుపు తిరుగుతాను.

"తండ్రి చేత్తో రాయాలమ్మా" అంటున్నాడు గుమాస్తా. "తండ్రేడీ?"

వినీల కుర్చీ ఎక్కి, నన్ను కర్ర నుంచి విప్పి, ఆయన అరచేతిలో పెడుతుంది. ఆయన నన్ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటాడు. నా ఈనెలు అక్షరాల్లా ఉన్నాయి. రవణమ్మ రాతలా వంకరగా ఉన్నాయి. ఆయన పైకి చదువుతాడు. "తల్లి రవణమ్మ. రెండేళ్ళు. మందు మింగకుండా."

"అది అమ్మ రాత" అంటుంది వినీల. ఆ పిల్ల ఇప్పుడే అబద్ధం మానేసింది.

"రాత ఎవరిదైనా కాగితం తండ్రే గదమ్మా. చెల్లుతుంది."

నా మీద ముద్ర వేసి దరఖాస్తుకు గుచ్చుతాడు. అప్పు వచ్చింది. వినీల వంగి "నాన్నా" అంటుంది. మళ్ళీ అంటుంది. నేను పలకను.

ఫైలు మూసేముందు రవణమ్మ నా ఎదురుగా కూర్చుంటుంది. ఒక పుట్నాలపప్పు నాలుక మీద వేసుకుని నీళ్ళు తాగి, ఎప్పటిలాగే నోరు తెరిచి చూపిస్తుంది. లోపల పెద్ద వార్డు ఉంది. వినీల తెల్ల యూనిఫాంలో మంచం మంచం దగ్గరా ఆగి, మాత్ర ఇచ్చి, మింగేదాకా కదలకుండా నిలబడుతోంది. చివరి మంచం ఖాళీగా ఉంది. అక్కడా ఆగి, చెయ్యి చాచి, ఎదురుచూస్తోంది.

నేను చూశాను. ఆ మోసం సంగతి ఇక ఎవరితోనూ ఎత్తను.