చేత్తో తూచిన ఎస్ఎంపీఎస్

మా అమ్మ పోతమ్మకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడిన మూడో నెలలో, సత్యశ్రీ అనే అమ్మాయి కొన్న గ్రాఫిక్స్ కార్డుకి నేను ఎస్ఎంపీఎస్ ఎంచి ఇచ్చాను. ఎస్ఎంపీఎస్ అంటే మరేం కాదు, కంప్యూటర్లో మిగతా సామానుకి కరెంటు పంచే ఇనప డబ్బా. జనం ప్రాసెసర్ గురించి అడుగుతారు, మానిటర్ ఎన్ని అంగుళాలని అడుగుతారు, దీని మొహం ఎవరూ చూడరు. సత్యశ్రీ మాత్రం ముందు దీని గురించే అడిగింది. అందుకే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అది 2007 జులై. డాబాగార్డెన్స్‌లో సన్యాసిరాజు గారి షాపులో ఆరేళ్లుగా కంప్యూటర్ల అసెంబ్లింగ్ చేస్తున్నాను. అమ్మ మంచాన పడ్డాక నాకు ఏదీ పట్టడం మానేసింది. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. పగలు స్క్రూలు బిగించేవాడిని, రాత్రి జాలారిపేటలో ఇంటికెళ్లి అమ్మకి అన్నం తినిపించేవాడిని, తెల్లారితే మళ్లీ స్క్రూలు. మహేష్‌కి ఎంత ఓపికో అని వీధంతా మెచ్చుకుంది. ఓపికా లేదు, పాడూ లేదు. లోపల ఏమీ లేకపోతే ఎవడైనా ఓపిగ్గానే కనిపిస్తాడు.

సత్యశ్రీది పద్మనాభం అనే ఊరు. రోజూ బస్సులో టౌనుకొచ్చి ఒక ఆఫీసులో బిల్డింగు బొమ్మలు గీసేది. తగరపువలస దగ్గర అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్ ఒకాయన ఆ అమ్మాయికో మాట చెప్పాడు. ఇంకా కట్టని బిల్డింగులో మనిషి నడుచుకుంటూ తిరుగుతున్నట్టు శనివారంలోగా కంప్యూటర్లో చూపిస్తే, ఇకమీదట తన పనంతా ఆమెకే ఇస్తానన్నాడు. సత్యశ్రీ ఉద్యోగం మానేసి, రెండేళ్లు కూడబెట్టిందంతా పెట్టి, మా షాపు ద్వారానే హైదరాబాదు నుంచి కార్డు తెప్పించుకుంది. జానెడుకి మించిన పొడుగు కార్డు, దానికి విడిగా రెండు పవర్ వైర్లు పెట్టాలి.

"అన్నయ్యా, కార్డు సంగతి నాకు తెలుసు. ఎస్ఎంపీఎస్ మాత్రం నువ్వే సూసి ఎయ్యాల," అంది మంగళవారం పొద్దున్న.

కౌంటరు మీద రెండు పెట్టాను. ఒకటి ఐదొందల వాట్లది. పన్నెండు వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో లేబుల్ మీద రాసుంది, కార్డుకి కావలసిన రెండు వైర్లూ ఉన్నాయి. రెండోది నల్లగా నిగనిగలాడుతూ, 700 అని అరచేయంత అంకెలతో ఉంది. ఆంపియర్ల ఊసే లేదు. కార్డుకి వైర్లూ లేవు, కన్వర్టర్ తగిలించాలి. చదవడం వచ్చిన వాడెవడైనా మొదటిదే తీసుకుంటాడు. నాకు చదవడం వచ్చు.

కానీ నేను చెరో చేత్తో చెరొకటి పట్టుకున్నాను. మా అమ్మ హార్బర్లో పాతికేళ్లు చేపలమ్మింది. వంజరాన్ని కుడిచేత్తో ఒక్కసారి ఎత్తి, కేజీ మున్నూరు గ్రాములంటే కేజీ మున్నూరే. కొనేవాళ్లు కాటా మీద పెట్టి చూసుకునేవాళ్లు, యాభై గ్రాములు తేడా వస్తే గొప్ప. మా లైన్లో కూడా బరువున్న ఎస్ఎంపీఎస్ మంచిదంటారు, లోపల రాగి చుట్లు, ఇనుము ఎక్కువుంటాయని. అది అబద్ధమూ కాదు. నల్లది చేతిని కిందకి లాగింది. అమ్మ చెయ్యి పోతే పోయింది, నా చేతికి వచ్చింది అనుకున్నాను. మూడు నెలల్లో నేను సంతోషపడింది ఆ ఒక్క క్షణమే.

"ఇందులో ఆంపియర్లు రాయనేదేటి అన్నయ్యా?" అంది సత్యశ్రీ.

"రాతలకేటమ్మా, ఎవుడైనా రాస్తాడు. బరువు సూడు."

ఎత్తి చూసి నవ్వింది. నన్ను నమ్మింది.

గురువారం పొద్దున్నే ఆటోలో కంప్యూటర్ క్యాబినెట్ పెట్టుకుని వచ్చేసింది. మూత తియ్యకముందే మాడు వాసన కొట్టింది. "రాత్రి ఏడింటికి అన్నయ్యా. బొమ్మలో బిల్డింగు మెట్లెక్కుతున్నాను, టప్‌మంది. సరిగ్గా అప్పుడే మా నాన్న ఆకుమడికి నీల్లు పెడదామని మోటారేసేడు. మా ఇంటి లైను మీదే ఉంది మోటారు."

వెనక గదిలోకి తీసుకెళ్లాను. పవర్ వైర్లు తగిలించే చోట కార్డు బొగ్గయిపోయింది. విప్పితే గ్యారంటీ లేదని రాసిన స్టిక్కర్ చింపి, ఎస్ఎంపీఎస్ విప్పాను. లోపల బక్కచిక్కిన కాయిలు రెండు, రేకుముక్క ఒకటి. పక్కన నల్ల టేపు చుట్టి జిగురుతో అంటించిన ముద్ద. టేపు ఊడదీశాను. సిమెంటు.

సన్యాసిరాజు గారు వెనకే నిలబడి చూశారు. నిజం ఒప్పుకుంటే షాపే ఇంకో కార్డు ఇవ్వాలి. ఆ రాత్రి బస్సుకి వేయించుకుంటే శుక్రవారం చేతికొస్తుంది, శనివారం పని అయిపోతుంది. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"కరెంటు ఎక్కువొచ్చి కాలిందని సెప్పీ. ఆ పిల్లే మోటారంటంది కదా," అన్నారాయన.

బయటికొచ్చి చెప్పాను. మోటారు వేసినప్పుడు వోల్టేజి కింద పడి మళ్లీ పైకి తంతుందని, దానికి ఏ ఎస్ఎంపీఎస్ ఆగదని. నాలుక తడబడలేదు. గుండె కూడా కొట్టుకోలేదు.

"అయితే మా నాన్నే," అంది సత్యశ్రీ. క్యాబినెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను సాయం పట్టలేదు.

శనివారం గడిచింది. బిల్డర్ ఆ పని ఇంకొకరికి ఇచ్చేశాడని సాయంత్రం షాపులో ఎవరో అన్నారు. సిమెంటు ముద్ద నా టిఫిన్ బ్యాగులోనే ఉంది. ఎందుకు దాచానో తెలియదు. ఇంటికెళ్లి అమ్మ ఎడంచేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. ఊరికే, ఊళ్లో కబుర్లు చెప్పినట్టే చెప్పాను.

అమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. మాట కొంచెం వంకర పోతుంది గానీ అర్థమవుతుంది. "పొట్టలో ఐసు కూరి అమ్మినోల్లని నాను ఎంతమందిని సూడనేదు. బరువు సూసి కొంటారేట్రా ఎవులైనా? బరువు సూసినాక పొట్ట నొక్కాల, మొప్ప ఎత్తి సూడాల. దీనికి లోనకి సూడ్డానికి సందు నేదేటి?"

"ఉందమ్మా. ఫ్యాను సందు."

"సూసినావా?"

"నేదు."

"మరి ఆ పిల్లకి సెప్పినావా?"

"నేదు."

అమ్మ ముద్ద తిరిగి నా చేతిలో పెట్టింది. "సచ్చుబడింది నా సెయ్యిరా. నీకేటయింది?"

ఆదివారం పద్మనాభం బస్సెక్కాను. ఆ ఏడు వానలు వెనకబట్టాయి, దారి పొడుగునా మళ్లు ఎండిపోయి ఉన్నాయి. సత్యశ్రీ ఇల్లు ఊరి చివర. ఇంటిపక్కన వరినారు పోసిన ఆకుమడి, దాని గట్టు మీద కావిడి మోస్తూ అరవై దాటిన మనిషి. చెరువు నుంచి రెండు బిందెల నీళ్లు తెచ్చి, పసుపు తిరిగిన నారు మీద చల్లుతున్నాడు. ఆయనే జగ్గారావు, సత్యశ్రీ నాన్న. పక్కన పాకలో మోటారు ఉంది, దాని వైరు విప్పేసి చుట్టగా చుట్టి మేకుకి తగిలించి ఉంది.

నేను ఫలానా షాపు మనిషినని చెప్పగానే ఆయన కావిడి దించకుండానే చేతులు జోడించబోయాడు. "మోటారు తీసీసేను బాబూ. దాని మీద సెయ్యెయ్యాలంటే భయమేత్తంది. ఆడపిల్ల రెండేల్ల కష్టం, ఒక్క స్విచ్చి నొక్కి కాల్చీసేను."

నేను బ్యాగులోంచి ముద్ద తీసి ఆయన ముందు పట్టుకున్నాను. "మీ మోటారు కాదు బాబాయ్. నాను. ఇది లోపలుంటే సూసుకోకుండా నానే ఇచ్చేను. తెలిసినాక కూడా మోటారని అబద్ధం సెప్పేను."

మాటలు విని సత్యశ్రీ గడప దాకా వచ్చింది. రాజుగారి చేత కొత్త కార్డు ఇప్పిస్తానన్నాను. ఇప్పించగలను. శనివారాన్ని మాత్రం ఎవరి చేతా ఇప్పించలేను.

"గురువారమే తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

లోపలికెళ్లి తలుపేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

జగ్గారావు కావిడి గట్టు మీద దించాడు. భుజం మీద కమిలిపోయిన చోట ఒకసారి రుద్దుకున్నాడు. పాకలోకెళ్లి మేకు మీది వైరు తీసి, నెమ్మదిగా బిగించాడు. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, మూసిన తలుపు వైపోసారి చూసి, నొక్కాడు. మోటారు మూలిగి అందుకుంది, గొట్టంలోంచి ముందు మట్టినీళ్లు, తరవాత తేటనీళ్లు వచ్చాయి.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు, మూడు నెలల తరవాత. అమ్మ కోసమని ఎవరికైనా చెప్పుకోవచ్చు, నమ్ముతారు కూడా. టౌను బస్సు ఇంకో గంటకి గానీ లేదు. అంతసేపూ ఆ గట్టు మీదే నిలబడ్డాను, ఎవరూ నన్ను కూర్చోమనలేదు.