గడువు తీరని కట్టు

వెదురు బద్దను తొడమీద ఆనించి శాంతయ్య కత్తితో అంచులు నున్నగా చెక్కుతున్నాడు. పొద్దున ఎడమ రొమ్ములో మొదలైన పోటు భుజందాకా పాకింది. కత్తి కింద పెట్టి, రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ చేతికి తీసుకున్నాడు. బద్ద గరుకుగా ఉంటే రోగి చర్మం ఒరుసుకుపోతుంది. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టు అనగానే జనం వైద్యుడి పేరు చెప్పుకుంటారు గానీ, బద్దలు చెక్కినవాడి పేరు ఎవరడుగుతారు? ఎవరూ అడగలేదు, అతనూ నొచ్చుకోలేదు.

ఐరాల నుంచి ఒక రైతు ముంజేయి విరగ్గొట్టుకుని వచ్చాడు. వైద్యుడు ధనశేఖర్ ఎముక సరిచేసి ఆకుపసరు పూశాడు. శాంతయ్య బద్దలు పేర్చి గుడ్డ చుట్టాడు. కణుపులు ఉబ్బిన వేళ్లు, పసరు ఇంకి నల్లబడ్డ గోళ్లు అతనివి. ముడి వేసేటప్పుడు మాత్రం ఆ మొరటు చేతులకు ఎక్కడలేని మెత్తదనం వచ్చేది. ముడి బిగించి, బతుకంతా చెబుతున్న మాటే చెప్పాడు.

“గడువుకు ముందర విప్పద్దప్పా. దురద పెట్టినా ఓర్చుకో. విప్పితే మళ్లీ మొదటినుంచీ కట్టాల్సిందే.”

ధనశేఖర్ అతని మొహం చూసి ఆగాడు. “ఏం శాంతయ్యా, ఇట్ల చెమట్లు పడతాండాయి? ఆస్పత్రికి పో. కార్డు ఉండాది గదా?”

“గ్యాసబ్బా. సోడా తాగితే పోతాది.”

వైద్య బీమా కార్డు ఉంది. దాన్ని తలుచుకునే పంటి బిగువున ఓర్చుకుంటున్నాడు. భార్య గంగులమ్మ గర్భసంచిలో గడ్డ ఉందని తేలినాక, ఎదురింట్లో ఉండే ఇన్సూరెన్స్ ఏజెంటు కోమలి, ఈ మొగుడూపెళ్లాలిద్దరికీ కలిపి ఒకే పాలసీ చేయించింది. ఆ రోజు వివరంగానే చెప్పింది పాపం.

“చిన్నమ్మ గడ్డ ముందునుంచీ ఉండేది గదా చిన్నాయనా. అట్లాంటిదానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటాది. రెండేండ్లు దాటినాకనే ఆ ఆపరేషన్‌కు దుడ్లిస్తారు.”

“అంటే మా కట్టు మాదిరే. గడువులోపల ముట్టుకోగూడదు.”

“అట్లనే అనుకో,” అని నవ్వుతూ కోమలి లేచింది. ఇంకో ఇంటికి పోవాలి ఆమె.

శాంతయ్య అట్లనే అనుకున్నాడు. కార్డును కట్టుగుడ్డ పీలికలో చుట్టి, ముడివేసి, అలమరలో బైబిలు పక్కన పెట్టాడు. మధ్యలో దేనికి వాడినా గడువు మళ్లీ మొదటికొస్తుందని, గంగులమ్మ ఇంకో రెండేళ్లు ఆ నొప్పితో మెలికలు తిరగాలని అతని భయం. ఇప్పుడు మిగిలింది ఒక్క నెల. ఇంత ఓర్చినవాడు ఒక్క నెలకోసం చేతులారా చెడగొట్టుకుంటాడా?

సాయంత్రం గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు. గంగులమ్మ పొత్తికడుపు అదుముకుంటూ సంగటి కెలుకుతోంది.

“వచ్చే నెల నీ ఆపరేషన్ అయిపోతాదిలే,” అన్నాడు.

“నీ మొగమేంది అట్లుండాది?”

“నడిచొచ్చినా గదా.”

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె గిన్నెతో వచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. ఇంట్లో ఉన్న మనిషికే తెలియకుండా పోయాడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా బతకడం అలవాటైన మనిషి, చావులోనూ అంతే.

కేకలు విని కోమలి పరుగెత్తుకొచ్చింది. “ఒంట్లో బాగలేకుంటే ఆస్పత్రికి పోగూడదా చిన్నమ్మా? కార్డు ఉండాదే!”

“దాన్ని ముట్టుకుంటే నా గడువు మళ్లీ మొదటికొస్తాదంట. జరమొచ్చినా తియ్యనిచ్చినాడు గాదు.”

కోమలి ఆమె చెయ్యి పట్టుకుంది. “ఆ గడువు నీ గడ్డకే చిన్నమ్మా. తక్కిన రోగాలకు, గుండెనొప్పికైనా, మొదటి నెల దాటినప్పటినుంచీ ఇస్తారు. వాడుకున్నా నీ గడువు కదిలేది గాదు. అట్లనే అనుకో అంటినే నేను... నవ్వితినే...”

గంగులమ్మ ఏడుపు ఆపి అలమరవైపు చూసింది. బైబిలు పక్కన కార్డు, శాంతయ్య వేసిన ముడి పిసరంతైనా సడలకుండా, గుడ్డలో అట్లాగే ఉంది.