స్వర్గరథానికి పట్టిన పొగ

నేను ఒక డీజిల్ వ్యాను. నన్ను చూడగానే మీరు మొహం తిప్పుకుంటారని నాకు తెలుసు. నా ఒంటి మీద 'స్వర్గరథం' అని నీలం అక్షరాలతో ఎంత అందంగా రాయించినా, తుని ఊళ్లో నా పేరు శవాల బండే. నాతోపాటు ఒకే కార్ఖానాలో పుట్టిన తోబుట్టువులు కూరగాయలు మోస్తున్నాయి, బడిపిల్లల్ని మోస్తున్నాయి. నన్ను మాత్రం ఒక సేవాసంఘం వాళ్లు కొని, వెనక సీట్లు పీకించి, ఇనప బల్ల బిగించారు. నేను మోసినవాళ్లెవరూ ఇంతవరకు నా మీద ఫిర్యాదు చెయ్యలేదు. ఆ పనంతా బతికున్నవాళ్లదే.

నా ప్రయాణం ఎంతని? ఇంటి గుమ్మం నుంచి తాండవ ఒడ్డున శ్మశానం దాకా. అదీ పేలాలు చల్లుకుంటూ నడిచే మనుషుల వెనకాల, మొదటి గేరులో. మధ్యలో దింపుడు కళ్లం. అక్కడ పాడె దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ పలుకుతారేమోనని. డాక్టరు చెప్పినా, యముడు చెప్పినా మనిషికి నమ్మకం కుదరదు.

ఒకసారి ఆ దింపుడు కళ్లం దగ్గర నా ఇంజను ఆగిపోయి, మళ్లీ ఓ పట్టాన అందుకోలేదు. "బండి ఆగిందంటే పీనుగు తోడు కోరుతోందన్నమాటే" అంది ఒక ముసలమ్మ. అంతే, సంఘం పెద్ద వీరభద్రం గారు హుకుం జారీ చేశాడు. శవం ఎక్కింది మొదలు చితి అంటుకునే దాకా ఇంజను ఆపకూడదు! ఆయన మామిడికాయల వ్యాపారి. కాయను పిసికి చూడందే కొనడు, మనిషిని పిసికి చూడందే నమ్మడు. ముసలమ్మ మాట మాత్రం చూడకుండానే నమ్మేశాడు.

అప్పట్నుంచి నాది నిలబడి గుర్రుమనే బతుకైపోయింది. పరుగు లేదు, ఒంట్లో సరైన వేడి లేదు. మసి నా గొంతులో పేరుకుంటూ వచ్చింది. చివరికి నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టాను. నా వెనక నడిచేవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే, అందులో దుఃఖమెంతో నా పొగెంతో నాకే అనుమానంగా ఉండేది.

పొగ పరీక్షలో తప్పాను. యంత్రం దగ్గర కూర్చున్న ఆవిడ మీటరు చూసి, "ఇంత తక్కువ తిరిగిన బండికి ఇంత పొగేంటండీ? డీజిల్లో ఏమైనా కలుస్తోందేమో చూసుకోండి" అంది. ఊరికే అన్న మాటే. కానీ అనుమానం పెనుభూతం కదా, వీరభద్రం గారిని పట్టేసింది.

నన్ను మొదటినుంచీ నడిపేది నూకరాజు. వీరభద్రం గారు నా డీజిల్ ట్యాంకు మూతకు తాళం వేయించి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా మూత తీసి, మామిడిపండు వాసన చూసినట్టు చూసేవాడు. ఒకరోజు శ్మశానంలో పదిమంది ముందు అననే అనేశాడు.

"మారుతాళం చేయించి, అసలు డీజిలు అమ్ముకుని కిరసనాయిలు పోస్తున్నావు కదురా! శవాల మీద పేలాలు ఏరుకునే రకానివని నాకు తెలీలేదు."

నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. "అదేటండి బాబూ, ఎంత మాటనేశారు" అన్నాడు, అంతే. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానం అంటుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి గుక్కా చప్పరించి చూసుకున్నాను. అంతా స్వచ్ఛమైన డీజిలే. నాకు సిగ్గేసింది. చెప్పడానికి నోరు లేదు, ఉన్నదల్లా హారనే.

సంఘం తీర్మానించింది. మళ్లీ పరీక్ష తప్పితే నేను తుక్కు కొట్టుకి, నూకరాజు ఇంటికి. నేనైతే కరిగి ఇంకేదో వస్తువునవుతాను. దొంగ అన్న పేరు కరగదు. అతను బజారుకెళ్తే నలుగురూ మాటలు ఆపేస్తున్నారు.

మెకానిక్కు గోవిందు నూనె మార్చాడు, గాలి వడపోసే జల్లెడ మార్చాడు, గొట్టాల్లో మసి గీకాడు. పొగ తగ్గింది గానీ పోలేదు. "ఇంక ఇది హైవే ఎక్కి గట్టిగా పరిగెత్తాలండి. ఒళ్లు కాగితే లోపలి మసి కాలిపోద్ది" అన్నాడు.

"మీరిద్దరూ తోడుదొంగలు! ఖాళీ శవాల బండి ఊరు దాటితే ఎవరి కోసమని అడగరా జనం?" అని ఎగిరాడు వీరభద్రం గారు. చివరికి ఒప్పుకున్నాడు, తానూ వస్తానన్న షరతు మీద. ముందు సీట్లో కూర్చుంటే పొగ కనపడదు. పక్క అద్దంలో చూద్దామంటే, దాన్ని నూకరాజు ఎటు తిప్పాడో అని అనుమానం. అందుకని వెనక్కెళ్లి, ఇనప బల్ల మీద కూర్చుని, వెనక అద్దానికి మొహం ఆనించాడు. ఆ బల్ల మీద నేను మోసిన మొదటి ప్రాణమున్న మనిషి ఆయనే.

అన్నవరం దాటి కత్తిపూడి దాకా పరిగెత్తాను. పుట్టాక అంత సంతోషం ఎరగను! మొదట కుంపటంత పొగ. లారీలవాళ్లు తిట్టి, బండి మీది పేరు చూసి దణ్ణం పెట్టారు. వీరభద్రం గారు దగ్గుతూనే కన్నార్పకుండా చూశాడు. తిరుగు దారిలో పొగ పలచబడి, పలచబడి, కనపడకుండా పోయింది. తిన్నగా పరీక్షకే వెళ్లాం. నెగ్గాను.

ఈలోగా మోటారుసైకిలు మీద మా వెనక వచ్చిన వీరభద్రం గారి పక్కింటాయన ఆ వెనక అద్దంలో ఆయన మొహం చూశాడు. ఊళ్లోకి పోయి, "స్వర్గరథంలో వీరభద్రం గారు కనపడ్డారు" అని చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మిగతాది ఊరే పూర్తి చేసింది. మేం వీధి మలుపు తిరిగేసరికి వాకిట్లో జనం. సంఘం వాళ్లంతా దండలు పట్టుకుని సిద్ధం.

నా వెనక తలుపు తీసుకుని, మసి మొహంతో ఆయన దిగాడు. ఏడుపులు టక్కున ఆగాయి. భార్య దగ్గరికొచ్చి, ఆయన చెయ్యి గిల్లి మరీ చూసింది.

"అందులో ఎందుకెక్కారండీ?" అని అడిగింది.

ఆయన జనం వంక చూశాడు. నూకరాజు స్టీరింగు వదల్లేదు, తల ఎత్తలేదు. ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకుంటాడనే అనుకున్నాను. మనుషుల్ని నేను అంతకంటే ఎక్కువ నమ్మను.

"దొంగని పట్టుకుందామని ఎక్కాను" అన్నాడు. "దొంగ లేడు. బండిని నిలబెట్టి నిలబెట్టి పాడుచేసింది నేనే. నూకరాజుని అనరాని మాటన్నాను."

నూకరాజు దిగి వచ్చాడు.

"మామూలప్పుడు చెప్తే ఇంతమంది ఎక్కడొచ్చి వినేవోరండి బాబూ? తమరు పోబట్టి నా పేరు దక్కింది."

చావింటికని వచ్చినవాళ్లు నవ్వొచ్చో కూడదో తెలియక వీరభద్రం గారి మొహం చూశారు. ముందు ఆయనే నవ్వాడు.