కల్తీ మైనం

మెక్సికోలోని తియోతిత్లాన్ ఊళ్లో నవంబరు ఒకటిన మధ్యాహ్నం మూడింటికి గుడి గంటలు మోగగానే చనిపోయినవాళ్లు ఇళ్లకు వస్తారు, మర్నాడు మూడింటి దాకా ఉంటారు. అంతసేపూ వాళ్ల కొవ్వొత్తి నిటారుగా వెలగాలి. వంగి ఆరిపోతే వాళ్లకు దారి తప్పుతుంది.

ఈ ఏడే పోయిన తల్లి కోసం కొవ్వొత్తులు పోసే యుస్తోలియా వెలిగించిన కొవ్వొత్తి గంటకే నడుం వంచింది. వంచక ఏం చేస్తుంది! మంచి తేనెమైనమంతా పెళ్లివారి కొవ్వొత్తులకు పోసేసి, అమ్మదాంట్లో సగానికి సగం బజారు పారఫిన్ కలిపింది. పారఫిన్ కాస్త వేడికే మెత్తబడుతుందని చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నేర్పిన మనిషికే ఈ కల్తీ.

పక్కింటి ఎర్మిలా రొట్టెలు పట్టుకొచ్చి, చూసి, బుగ్గలు నొక్కుకుంది.

"ఓసి నీ దుంపతెగ! మీ అమ్మకే కల్తీ సరుకు అంటగట్టావుటే? గుడికి కొవ్వొత్తులు పోసే చెయ్యేనా ఇది?"

"మైనం చాల్లేదక్కా. ఆవిడేం చూస్తుందిలే అనుకున్నా."

"చూడకపోతే మరి పిలవడం దేనికీ?"

యుస్తోలియాకు అమ్మ రాదేమోనన్న భయం పోయి, వచ్చేసిందేమోనన్న భయం పట్టుకుంది.

ఎర్మిలా వెళ్లాక వంటింట్లో గరిటె చప్పుడైంది. వెళ్లి చూస్తే, పొద్దున తను గీకి ఖాళీ చేసిన గిన్నెలో, చల్లారిన పొయ్యి మీద, సగం దాకా కరిగిన తేనెమైనం ఉంది. మణికట్టు మీద చుక్క వేసుకుంది. సరైన వేడి. ఎక్కువైతే పాత పొర కరిగిపోతుంది, తక్కువైతే ఉండలు కడుతుంది. ఎవరు కాచారని అడిగే ధైర్యం లేదు. వంగినదాన్ని నిలబెట్టి, మంటకు తగలకుండా గరిటెతో చుట్టూ పోసింది.

మంట లోపలి మెత్తటి మైనాన్నే తింటూ కిందికి దిగింది. కరగని తేనెమైనం చుట్టూ గొట్టంలా నిలబడిపోయింది. తెల్లారేసరికి కొవ్వొత్తి లోపలినుంచి పచ్చగా వెలుగుతోంది.

మధ్యాహ్నం మూడు గంటలు కొట్టారు. వీధిలో అందరూ తమవాళ్లను సాగనంపి కొవ్వొత్తులు ఆర్పేశారు. ఎర్మిలా గుమ్మంలోంచి కేకేసింది.

"ఆర్పవే! ఆర్పకపోతే ఆవిడ కదలదు. పోయినవాళ్లతో కాపురం చేస్తావా ఏం?"

మంట గొట్టం అడుగున ఉంది, ఊదితే అందదు. పైనుంచి నొక్కి మూసేయాలి. యుస్తోలియా రెండు చేతులూ చుట్టూ వేసింది. మనిషి మెడలా వెచ్చగా, మెత్తగా తగిలింది.

"ఇంకాసేపు ఉండమ్మా" అంది. చేతులు తీసేసి, వెళ్లి ఎర్మిలా ముఖం మీదే తలుపు గడియ పెట్టింది.