పెన్సిల్ రాత

మైనం తొట్టి మూత తీసేసరికి ఆవిరి కళ్ళద్దాలను కమ్మేసింది. బస్యూనీ అద్దాలు తీసి, తెల్లకోటు అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. పట్టకారుతో ప్లాస్టిక్ డబ్బీలను ఒక్కొక్కటిగా పైకి తీసి బల్ల మీద వరసగా పేర్చసాగాడు. ఒక్కో డబ్బీ అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. లోపల సేమియా పోగంత కిడ్నీ ముక్క. ముందురోజు ఎవరి నడుములోనో సూది దించి తీసినది. రాత్రంతా స్పిరిట్లో నాని ఒంట్లో నీరంతా వదిలి, తెల్లారేసరికి మైనం పీల్చుకుని గట్టిపడుతుంది. దాన్ని ఉల్లిపొర కన్నా పలచగా చెక్కి, రంగు పట్టించి, గాజుపలక మీద పరిచి ఇస్తే డాక్టర్లు జబ్బేమిటో తేలుస్తారు.

ముప్పైనాలుగేళ్ళుగా ఇదే పని. నైలు పాయ ఒడ్డునున్న ఆ కిడ్నీ ఆసుపత్రికి సూడాన్ నుంచి, యెమెన్ నుంచి, లిబియా నుంచి డాక్టర్లు శిక్షణకు వచ్చేవారు. రెండేళ్ళు ఉండి, పరీక్ష రాసి, ఒక పరిశోధన పూర్తిచేసి, కిడ్నీ డాక్టర్లయి వెళ్ళిపోయేవారు. వాళ్ళ పుస్తకాల్లో బస్యూనీ పేరు ఎక్కడా ఉండదు. కాని వచ్చినరోజే వాళ్ళకు మొదటి పాఠం చెప్పేది అతనే.

"డబ్బీ మీద నంబరు పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను రాత తాగుబోతు మొగుడి లాంటిది. స్పిరిట్ తగిలిందంటే ఇంటి పేరు కూడా మరిచిపోతుంది."

అందరూ నవ్వేవారు. చెప్పే మనిషి నవ్వేవాడు కాదు. అతని బల్ల కాలికి ఒక పెన్సిలు, సూది గది గోడకు ఒక పెన్సిలు దారాలతో కట్టి ఉండేవి. రెండింటి కొసల మీదా అతని పంటిగాట్లే.

ఆరో డబ్బీ పైకి తీశాడు. దాని మీద నంబరు లేదు. ఏడోది తీశాడు. దాని మీదా లేదు. నంబరు ఉండాల్సిన చోట నీలం మరక మాత్రం మిగిలింది.

పొద్దున మైక్రోబస్సు దిగినప్పటి నుంచీ అతని ఎడమచెయ్యి బరువుగా ఉంది. మైనం ముక్కలు చెక్కే కోతయంత్రం చక్రం తిప్పీ తిప్పీ వచ్చిన బరువే అనుకున్నాడు. ఇప్పుడు పట్టకారును కుడిచేతిలోకి మార్చుకున్నాడు.

బయట వసారాలో రబ్బరు చెప్పుల చప్పుడు. తప్... తప్... ఒక కాలు కాస్త ఈడ్చి వేస్తున్న నడక. ఆ రోజు మంగళవారం. బస్యూనీ తలుపు వైపు చూడలేదు. చూసినా అక్కడ ఎవరూ ఉండరు. పదిహేనేళ్ళ నుంచీ ఉండటం లేదు.

నిజంగా లోపలికి వచ్చింది నమారిఖ్. సూడాన్ అమ్మాయి, శిక్షణలో రెండో ఏడు. పొడగరి, గడపల దగ్గర తల వంచడం అలవాటు.

"మల్లెపూల పొద్దు, బాబాయ్. టీ ఉందా, లేక నిన్నటి కషాయమే మళ్ళీ కాస్తావా?"

బస్యూనీ రెండు డబ్బీలను ఆమె ముందుకు జరిపాడు.

"నిన్న సాయంత్రం సూది గదిలో నువ్వేనా?"

"నేనే."

"పెన్సిలు ఏమైంది?"

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "ములుకు విరిగింది బాబాయ్. చెక్కుకోడానికి ఏమీ కనపళ్ళేదు. ఆ చిన్నపిల్ల ఏడుస్తూ నా చెయ్యి వదల్లేదు. జేబులో పెన్ను ఉంది కదాని..."

అదే మాట. ఇరవైమూడేళ్ళ కింద కూడా ములుకే విరిగింది.

రెండు ముక్కలూ ఆడవాళ్ళవే. ఒకటి పందొమ్మిదేళ్ళ పిల్లది, ఇంకోటి ఐదుగురు పిల్లల తల్లిది. జబ్బు మండుతున్నవాళ్ళకు వెంటనే ఘాటు మందు ఎక్కించాలి. అలా లేనివాళ్ళకు అదే మందు విషం. ఏ ముక్క ఎవరిదో ఇప్పుడు చెప్పే దిక్కు లేదు. కైరో పంపి డి.ఎన్.ఎ. పరీక్షతో తేల్చుకోవచ్చు కాని నెల పడుతుంది. ఆ జబ్బు నెల ఆగదు.

నమారిఖ్ గొంతు తగ్గించింది. "రెండూ చెక్కి చూద్దాం బాబాయ్. పిల్లది కొత్త జబ్బు, మండిపోతూ ఉంటుంది. పెద్దామెది పాతది, మచ్చలు కట్టి ఉంటుంది. చూస్తే తెలిసిపోదూ?"

"తెలిసిపోతుంది. మాకూ అలాగే తెలిసిపోయింది."

"మాకంటే?"

"నాకూ, నీలాగే శిక్షణకొచ్చిన ఒక కుర్ర డాక్టరుకీ."

బస్యూనీ కూర్చున్నాడు. ఇంతవరకు పెళ్ళానికి కూడా చెప్పని మాట అది. నయీమా అని ఒకామె ఉండేది. పల్లె నుంచి జిర్జీర్ అనే ఘాటు ఆకుకూర, ఉల్లికాడలు తెచ్చి ఆసుపత్రి గేటు ముందు అమ్మేది. ఆమె డబ్బీ, ఇంకొకామె డబ్బీ ఇలాగే నంబరు పోగొట్టుకున్నాయి. కుర్ర డాక్టరు సూక్ష్మదర్శినిలో చూసి, ఇది ఈమెది, అది ఆమెది అన్నాడు. బస్యూనీ పెన్సిలు తీసుకుని ఆ నంబర్లే వేశాడు. ఊహ తలకిందులైంది. అవసరం లేని ఆడమనిషికి ఘాటు మందు ఎక్కి జుట్టంతా రాలింది. నయీమాను, నీకేం లేదు, ఉప్పు తగ్గించు చాలు, అని పంపేశారు. ఎనిమిది నెలలకు ఆమె డయాలసిస్ గదికి వచ్చి పడింది.

"పోయేదాకా ఏడేళ్ళు వచ్చింది. ఆది, మంగళ, గురువారాలు. మిషను ఎక్కే ముందు రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి నా గుమ్మంలో నిలబడి ఆకు కట్ట ఒకటి పెట్టేది. 'నా ముక్క భద్రంగా ఉందా బస్యూనీ? రేపు గోరీలోంచి లేపి నిలబెట్టినప్పుడు ఒళ్ళంతా ఉందా అని దేవుడు అడుగుతాడు. ముక్క తక్కువైతే నీ పేరే చెప్తా' అని నవ్వేది. తెలీదు దానికి. తెలిసి తిట్టినా బాగుండేది."

"ఆ డాక్టరు ఏమయ్యాడు?"

"పరీక్ష పాసయ్యాడు. నయీమా ముక్క తప్పుడు నంబరుతోనే ఇంకో నలభై ముక్కలతో కలిసి ఆయన పరిశోధనలోకి ఎక్కింది. మొదటి నెలలో మీరంతా చదివేది ఆ పత్రమే."

ఆ పత్రం మీద ఉన్న పేరు ప్రొఫెసర్ షౌకీది. ఈ ఆసుపత్రిలో శిక్షణంతా ఆయన చేతి కిందే నడుస్తుంది. నంబరు తారుమారు చేసినవాళ్ళు ఆ రోజే సామాను సర్దుకోవాలన్నది ఆయన పెట్టిన నియమం. ఇప్పటికి ఇద్దరు అలా సర్దుకున్నారు.

నమారిఖ్ గోడకు ఆనుకుంది. "నన్ను పంపేస్తారు బాబాయ్. పంపితే ఎక్కడికి పోను? యుద్ధానికి వాద్ మదనీలో మా ఇంటికి పైకప్పు లేకుండా పోయింది. మా అమ్మ కస్సలాలో బడి గదిలో పడుకుంటోంది."

"తెలుసు."

"అయినా చెప్పమంటావా?"

"పంపేస్తే నీకు కష్టమే. కాదనను. చెప్పకపోతే నాకు వినపడుతున్న ఆమె చెప్పుల చప్పుడు నీక్కూడా మొదలవుతుంది. పద, నేనూ వస్తా."

ప్రొఫెసర్ షౌకీ కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. నమారిఖ్ నిలబడే చెప్పింది. పెన్నుతో రాశానంది, ఏది ఎవరిదో తెలియదంది. ఆయన తల ఎత్తలేదు.

"నియమం తెలుసు కదా డాక్టర్?"

"తెలుసు సార్."

"సార్," అన్నాడు బస్యూనీ, "ఇవాళ మంగళవారం."

"అయితే?"

"నయీమా వచ్చే రోజు."

సంతకం సగంలో కలం ఆగింది. ఇరవైమూడేళ్ళలో ఆ పేరు వాళ్ళిద్దరి మధ్యా పైకి రావడం అదే మొదటిసారి. పండక్కి చేతులు కలుపుకున్నారు, ఒకరింటి చావుకు ఒకరు వెళ్ళారు, ఆ పేరు మాత్రం ఎత్తలేదు. కిటికీ బయట పావురాలు గురగురమంటున్నాయి. ప్రొఫెసరు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాలు లేకపోతే ఆయన ఆనాటి కుర్రాడిలాగే ఉన్నాడు.

"చెప్పుల చప్పుడు," అన్నాడు. "నువ్వు కూడా వింటున్నావా?"

"కుడికాలు ఈడుస్తుంది."

"అవును. కుడికాలే."

ఆయన నమారిఖ్ వైపు తిరిగాడు. "ఇద్దర్నీ పిలిపించు. జరిగింది జరిగినట్టు చెప్పు. ఒప్పుకుంటే మళ్ళీ సూది దించుదాం. నేను పక్కనుంటాను."

"నా సామాను సంగతి, సార్?"

"ముందు పెన్సిలు చెక్కుకో." తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఆ పత్రం అచ్చు వేసినవాళ్ళకు నేనొక ఉత్తరం రాయాలి."

మధ్యాహ్నం వార్డులో పందొమ్మిదేళ్ళ పిల్ల తల్లి ఇంత ఎత్తున లేచింది. "నా బిడ్డ నడుమేమన్నా మీరు కుట్టుపని నేర్చుకునే పాతగుడ్డా?" అంది. ఆమె అరిచి అలిసేదాకా నమారిఖ్ తల వంచుకుని నిలబడింది. ఐదుగురు పిల్లల తల్లి మాత్రం బోర్లా తిరుగుతూ, "తీసుకోండమ్మా తీసుకోండి, కబాబుకు చాలేదాకా తీసుకోండి," అంది. పక్కమంచాల వాళ్ళు నవ్వారు. చివరికి మొదటి తల్లి కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బస్యూనీ తన గదికి తిరిగి వచ్చాడు. రొట్టెలో చిక్కుడుపప్పు పెట్టుకుని సగం తిన్నాడు. తక్కినది కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. పెన్సిళ్ళు రెండూ కోతయంత్రం బ్లేడుతో చెక్కాడు. ఒకటి సూది గదికి పంపించాడు. రెండోది బల్ల కాలికి మళ్ళీ ముడివేశాడు. ఎడమచెయ్యి మాట వినడం లేదు, ముడిని పళ్ళతో బిగించాడు. తర్వాత మోకాళ్ళ మీద వంగి, అట్టడుగు సొరుగులో పాత మైనం ముక్కల మధ్య నుంచి ఒక డబ్బీ తీశాడు. చెయ్యి వెతుక్కోలేదు, ఆ చోటు దానికి తెలుసు.

సాయంత్రపు అస్ర్ నమాజు పిలుపు ముగిసింది. టీ గ్లాసులో పుదీనా ఆకు అడుక్కి దిగుతోంది. తప్... తప్... చప్పుడు వసారా మొదట్లో మొదలై దగ్గరికొచ్చింది. ఎప్పుడూ గుమ్మం దాటి డయాలసిస్ గది వైపు వెళ్ళిపోయేది. ఈసారి గుమ్మంలో ఆగింది. పచ్చి జిర్జీర్ ఘాటు గదంతా పరుచుకుంది.

"రా నయీమా," అన్నాడు బస్యూనీ, రాస్తున్నది ఆపకుండానే. "నీ ముక్క భద్రంగానే ఉంది."

నమారిఖ్ రెండు కొత్త డబ్బీలతో వచ్చేసరికి అతను గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. "ఇదుగో బాబాయ్, తాగుబోతు మొగుళ్ళు కాదు, చూసుకో," అంటూనే వచ్చింది. డాక్టరు కాబట్టి రెండో మాట అనకుండానే ఆమెకు తెలిసిపోయింది. అయినా అతని మణికట్టు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది.

అతని ముందు ఒక పాత డబ్బీ ఉంది. దాని మీద పాత నంబరు కొట్టేసి ఉంది. ఈ ఆసుపత్రిలో డబ్బీల మీద పేర్లు రాయరు. కాని దాని మీద ఒక పేరుంది, అక్షరాలు ఒత్తి, స్పష్టంగా.

బల్ల అంచు దగ్గర పెన్సిలు దారానికి వేలాడుతోంది. ములుకు కొత్తగా చెక్కింది, కొస మీద పంటిగాట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.