ఎర్రగా మార్చిన చినార్లు

ఛీ, ఆ ఫొటో మొహం ఇప్పటికీ చూడలేను.

మూడడుగుల పటం. కాశ్మీరులో చినార్ చెట్ల కింద పద్నాలుగు మంది ఖరగ్‌పూర్ తెలుగువాళ్లం పళ్లికిలించుకుని నిలబడ్డాం. ఆకులు ఎర్రగా ఉన్నాయి. మా మొహాలూ ఎర్రగానే ఉన్నాయి. మా ఆయన బట్టతల అయితే పండిన టమాటా. ఆ ఎరుపు దేవుడు వేసింది కాదు, ఉమాశంకర్ ఫోన్లో వేలితో వేసింది. ఇతగాడు మా ఆయన పనిచేసే రైల్వే ఆఫీసులో గుమాస్తా, మా తెలుగు సంఘానికి కార్యదర్శి.

నేను, దుర్గాంబను, ఇరవై ఎనిమిదేళ్లుగా బడిలో భూగోళం చెబుతున్నాను. ఏడో తరగతిలో అడవుల పాఠం ఉంది. చలికాలం ముందు కొండల్లో చినార్ ఆకులు పసుపుకి తిరిగి, ఎర్రబడి రాలిపోతాయని చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఏంజెలా అనే పిల్ల లేచి, "మీరు సూసినారా టీచర్?" అంది. లేదంటే పరువు పోతుందనుకున్నాను కాబోలు, "సూసినాను" అనేశాను. ఒకసారి అన్నాక ఊరుకున్నానా? ఏటేటా అవే కోతలు, ఏటికేడాది ఇంకాస్త ఉప్పూ కారం జల్లి మరీ కోశాను. వచ్చే మార్చిలో రిటైరవుతాను. ఈలోగా ఒక్కసారి నిజంగా చూడాలి, నవంబర్లో ఆఖరిసారి ఆ పాఠం చెప్పేటప్పుడైనా నిజం చెప్పాలి. అప్పటి నా ఆశ అంతే.

ఈ సంగతి మా ఆయన అనంతరామయ్య ఒక్కడికే తెలుసు. నా కోసమే రైల్వే పాసు రాయించాడు. ఎప్పటికి? దుర్గాపూజ సెలవులకి.

"ఆకులు ఎర్రబడేది అక్టోబరు ఆఖర్నండీ. పూజకెల్తే పచ్చగానే ఉంటాయి" అన్నాను.

"పూజకి కాకపోతే ఇంకెప్పుడెల్తామే? మనూళ్లో ఎవుడైనా నవంబర్లో పెట్టె సర్దుతాడేటి?"

నిజమే, మా ఊళ్లో పూజ డప్పు వినబడిందంటే బెంగాలీలతో పాటు మేమూ పాసులు పట్టుకుని రైలెక్కేస్తాం. డార్జిలింగో, పూరీయో, ఎక్కడైనా సరే, అప్పుడే. చెట్లు కూడా మా సెలవుల ప్రకారం రంగు మారాలన్నమాట. భూగోళం చెప్పేదాన్ని, గట్టిగా కాదనాలి కదా! నా సెలవులూ అప్పుడేనని తలూపాను. బుద్ధి లేకపోతే సరి.

సంఘం వాళ్లు మరో పన్నెండు మందితో బయలుదేరాం. శ్రీనగర్‌లో తోట గేటు దాటేసరికి నా ప్రాణం ఉసూరుమంది. చెట్టుచెట్టూ పచ్చగా, మన బడి వెనక వేపచెట్ల మాదిరి నిలబడి ఉంది. అక్కడి ముసలి తోటమాలి నవ్వి, "ఏక్ మహీనా బాద్ ఆయియే, మేడమ్" అన్నాడు. నెల తర్వాత రావాలట. ఏడుపొచ్చి బెంచీ మీద కూలబడ్డాను.

మావాళ్లకేం బాధ? తలా ఒక కాశ్మీరీ గౌను అద్దెకి తీసుకుని, చంకన బిందె పెట్టుకుని ఒకటే ఫొటోలు. ఆ గడ్డి మీదే పులిహోర తిని, కాగితం పళ్లేలు అక్కడే పారేసి లేచారు. తోటమాలి ఒక్కొక్కటీ ఏరుకుంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఉమాశంకర్ పచ్చటి కొమ్మ ఒకటి విరిచి నా చేతిలో పెట్టాడు.

"నవ్వండి వదినగారూ."

"ఏటి సూసి నవ్వమంటావు నాయనా?"

"మీరు నవ్వండి సాలు. రంగు నేను ఏసేస్తాను."

ఆ సాయంత్రమే హోటల్లో కూర్చుని వేసేశాడు. పటం కట్టించింది మాత్రం మా ఆయన. సంఘం వాళ్ల దీపావళి సభలో నాకు సన్మానం చేసి, ఆ పటం నా తరగతి గదికి బహుమతిగా ఇప్పించే ఏర్పాటూ ఆయనదే.

"ఇంకేటి కావాలే నీకు? ఫొటో ఉంది, పదముగ్గురు సాక్షులున్నారు. నీ మాట నిలబడిపోద్ది" అన్నాడు సంబరంగా. నా మీద ప్రేమతోనే అన్నాడు. అందుకే మరీ అసహ్యమేసింది.

సభకి రెండు రోజుల ముందు, ఆనాడు తరగతిలో ప్రశ్న వేసిన ఏంజెలా సుభాష్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. మా ఊళ్లోనే నిమ్‌పురాలో ఉంటుంది, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫ్యాక్టరీ పని. పటం ముందు నిలబడి ఎర్రటి ఆకుల్ని వేలితో తడిమింది.

"మీరు సెప్పినట్టే ఉంది టీచర్. మా పిల్లకి రోజూ ఇదే కత. మా టీచర్ కళ్లారా సూసొచ్చింది, నువ్వు కూడా పెద్దయ్యి ఎల్లి సూడాల అని సెప్తన్నాను."

కాఫీ కలిపే వంకతో వంటింట్లోకి పారిపోయాను.

సభలో శాలువా కప్పారు, మైకు ఇచ్చారు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని అనేశాను. "ఈ పటం అబద్ధం. ఆకులు పచ్చగానే ఉన్నాయి. అంతకుముందు నేను కాశ్మీరు మొహమే సూడలేదు. ఇరవై ఎనిమిదేళ్లు పిల్లలకి అబద్ధం సెప్పినాను."

అంతలో ఉమాశంకర్ ఫక్కున నవ్వి, "వదినగారు బలే జోకులేస్తారండీ!" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే వేదికెక్కి పటం పక్కన సెల్ఫీలు మొదలెట్టారు. నా గుండె చీల్చుకుని బయటపడిన మాట వీళ్లకి వేరుశనగ తొక్క పాటి కూడా చేయలేదు. థూ!

మా ఆయన నా కొంగు లాగి, "కూకోయే. ఎవులూ నమ్మలేదు, బతికిపోయినాం" అన్నాడు.

ఒక్కర్తి నమ్మింది. అందరూ భోజనాలకి లేచాక ఏంజెలా నా దగ్గరికి వచ్చింది.

"నిజమేనా టీచర్?"

"నిజమే."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "మా పిల్లకి ఏటి సెప్పమంటారు?" అంది.

"మా టీచర్ అబద్ధాలకోరని సెప్పెయ్యమ్మా."

"నాను సెప్పలేను టీచర్. అది మిమ్మల్ని ఎంత నమ్మిందో మీకు తెల్దు. మీరే వచ్చి సెప్పండి."

రెండొందల మంది ముందు చెప్పడం ఒక ఎత్తు, నిమ్‌పురాలో ఉన్న ఆ పదకొండేళ్ల పిల్లకి చెప్పడం ఒక ఎత్తు. శాలువా కుర్చీ మీద పడేసి, "పదమ్మా, మీ ఇంటికి" అని గుమ్మం దగ్గర నా చెప్పులు వెతుక్కున్నాను.