పడుగు బాట

జొన్నగంజి గోరువెచ్చగా ఉండగానే పడుగుకు, మగ్గానికెక్కే నిలువు పోగులకు, పట్టించాలి. పడుగుకు ఇటు ఐలేశం, అటు అతని భార్య లక్ష్మీనర్సమ్మ. పెద్ద కుంచెను రెండు కొసలా పట్టుకొని పడుగు సాచిన బాట పొడవునా నడుస్తున్నారు. ముప్పై ఏళ్లుగా వాళ్ల కాపురమంతా ఈ నడకే. కుంచె బరువును బట్టే మొగుడికి ఆకలి వేస్తోందో కోపం వచ్చిందో ఆమె చెప్పగలదు.

ఐలేశం బక్క మనిషి. యాభై దాటాయి. నారికురుపు లేచి మానిన ఎడమ మోకాలు వంగదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కలేడు. అందుకని హుజూర్‌నగర్‌కు నాలుగు కోసుల దూరంలోని ఆ ఊళ్లో మిగతా పన్నెండు సాలె ఇళ్ల పడుగులకూ గంజి పెట్టే పని చేసుకుంటాడు. ఊరంతా బండల మీద ఉంది. అరవై మూరల పడుగును వంకర లేకుండా సాచాలంటే సాలెవాడ వెనక బాట ఒక్కటే చదును. ఆ బాట ఉంటే ఐలేశానికి బువ్వ ఉన్నట్టు.

మొదటి పడుగు ఆరకముందే గడ్డపారలతో కూలీలు దిగారు. వెంట గ్రామసేవకుడు. కృష్ణానది అవతలి జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు.

"బాట నడుమనే వరసగా పదమూడు గుంటలు తియ్యండి. ఇంటికో మొక్క" అన్నాడు.

"సారూ, గిది పడుగు సాపే జాగ. జర పక్కకు తీయించుండ్రి" అన్నాడు ఐలేశం.

"పక్కనంతా రాయే కదయ్యా. వనమహోత్సవానికి ఆఫీసరుగారి జీపు ఇక్కడే ఆగుతుంది. అయినా మగ్గం గుంటలో పుట్టి పెరిగినవాళ్లు, మీకు గుంటలు కొత్తా?"

కూలీలు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని ఐలేశమూ నవ్వాడు.

పొద్దు బారెడెక్కేసరికి వాడంతా తలస్నానాలు చేసి పిల్లాజెల్లాతో వచ్చి నిలబడింది. బోనాలకు వచ్చినట్టు ఆడవాళ్లు పసుపు కుంకుమలు కూడా తెచ్చుకున్నారు. చెట్లుంటే వానలు కురుస్తాయని, మనవలు నీడన కూర్చుంటారని ఆఫీసరు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఐలేశమూ కొట్టాడు. ఆఫీసరు మాటల్లో అబద్ధమేమీ లేదు. నీడ లేక ఎండకు పడుగు పోగులు ఎలా తెగుతాయో అతనికి తెలిసినట్టు ఆఫీసరుకు తెలియదు.

"దొరా, మరి పడుగు యాడ సాపాలె?" అని అడిగాడు, ధైర్యం చేసి.

"చెట్లు పెరగనీ. నీడలో హాయిగా సాపుకుందువు."

"ఎన్నేండ్లకు దొరా?"

ఆఫీసరు పక్కనే నిలబడ్డ ఊరి సర్పంచి కళ్లురిమాడు. ఫొటోకు అందరినీ దగ్గరగా జరగమన్నారు.

లక్ష్మీనర్సమ్మ తమ వంతు కానుగ మొక్కను గుంటలో నిలబెట్టి మట్టి కప్పింది. దాని లేత కాడకు బొట్టు పెట్టింది. నలుగురు పిల్లలను కని నలుగురినీ మట్టికిచ్చిన చేతులవి.

"గీ దాన్నన్న బతికించుకుందామయ్యా" అంది మెల్లగా.

ఐలేశం పొద్దుటి నుంచీ తిట్టుకుంటున్న మొక్కను ఆ తర్వాత తిట్టలేకపోయాడు.

జీపు పోయింది, మొక్కల చుట్టూ ముళ్లకంప నాటినవాళ్లు పోయారు. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. శ్రావణం వచ్చినా వాన జాడ లేదు. బావి ఊరి అవతల ఎక్కడో ఉంది. రెండో పడుగుకని కాచిన కుండెడు గంజి మాత్రం అలాగే మిగిలిపోయింది. మనిషికి బలమిచ్చేది, పోగుకు బలమిచ్చేది, మొక్కకు చెడుపు చేస్తుందా? పొద్దు గూట్లో పడుతుండగా ఇంట్లో ఉన్న నీళ్లతో దాన్ని పలచన చేసి తమ మొక్క మొదట్లో పోశాడు. ఒక్కదానికే పోస్తే పాపమనిపించి మోకాలు ఈడ్చుకుంటూ పదమూడింటికీ పోశాడు. ఆ రోజు కడుపునిండా తిన్నాడు కూడా.

తెల్లవారి చూస్తే కంప పక్కకు తోసేసి ఉంది. సర్పంచి బర్రెలు గంజి వాసన పట్టి వచ్చాయి. గుంటలు నాకాయి, మొక్కలను మొదలంటా మేశాయి.

"బాట మీద పానం పెట్టుకొని, కావాలనే పోసినవు" అన్నాడు సర్పంచి.

"లేదు పటేలా. బతుకుతయని పోసిన."

పుట్టిన తర్వాత అంత నిజం అతను ఎప్పుడూ చెప్పలేదు. ఎవరూ నమ్మలేదు. వాడవాళ్లు తలలు దించుకున్నారు. ఐలేశం తరఫున మాట్లాడితే బర్రెల తప్పు చెప్పాలి, బర్రెల తప్పు చెబితే సర్పంచితో వైరం. మంది మాట సర్పంచి మాటే అయింది. వచ్చే ఏడాది మళ్లీ మొక్కలు పెట్టేదాకా సాలెవాళ్లెవరూ బాట తొక్కవద్దని రెండు కొసలా కంప వేయించాడు. పడుగులు గంజి పెట్టించుకోవడానికి బండ్ల మీద హుజూర్‌నగర్ పోసాగాయి.

తొమ్మిదోనాడు ఆలుమగలు షోలాపూర్‌కని బస్సెక్కారు. అక్కడి మిల్లులో గంజి మిషనే పెడుతుందని, ఊడ్చే పని దొరకవచ్చని బావమరిది కార్డు రాశాడు. సాగనంపడానికి ఎవరూ రాలేదు. లక్ష్మీనర్సమ్మ బస్సులోంచి బాట వైపు చూడలేదు.

బాట చివర పడుగు బిగించే తుమ్మకొయ్య గూటం ఒకటి పీకకుండా మిగిలిపోయింది. ముప్పై ఏళ్ల నూలు రాపిడికి దాని మెడ నున్నగా అరిగి ఉంది. సర్పంచి జీతగాడు ఇప్పుడు బర్రెను ఆ గూటానికే కట్టేస్తున్నాడు.